అయిదు రోజులు నిండకుండా ఓడ ఎలా కట్టారు? రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఓడల, విమానాల కార్మికుల గురించి

కొల్లేటి గాలి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా పన్నెండేళ్లుగా కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు వైపున ఉంటున్నాను. మొన్న మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనను రిచ్మండ్ పట్టణానికి తీసుకువెళ్లాను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హెన్రీ కైజర్ అనే పారిశ్రామికవేత్త నడిపిన నాలుగు ఓడల యార్డులు అక్కడే ఉండేవి. యుద్ధం ముగిసేలోగా ఆ నాలుగింటి నుంచి 747 ఓడలు నీటిలోకి దిగాయి. 1944 నవంబరులో అక్కడ జలప్రవేశం చేసిన ‘రెడ్ ఓక్ విక్టరీ’ అనే సరుకుల ఓడను ఇప్పుడు అదే రేవులో ప్రదర్శనశాలగా ఉంచారు.

మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల యంత్రాలను బాగుచేసే ఒక వర్క్‌షాపులో నలభై ఏళ్లు ఫిట్టరుగా పనిచేశారు. ఓడలోకి దిగాక ఆయన ఫొటోల వైపు గాని, వివరాలు రాసిన బోర్డుల వైపు గాని చూడలేదు. నేరుగా ఒక గోడ దగ్గరకు వెళ్లి, రెండు ఇనుప ప్లేట్లు కలిసిన చోట వెల్డింగు అతుకు మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి నెమ్మదిగా రాసుకుంటూ వచ్చారు. జానెడుకొకసారి వేలికి ఏదో చిన్న బొడిపె తగులుతోందని చెప్పి, నన్ను కూడా తాకి చూడమన్నారు. ఆ తరువాత, “ఇంతకు ముందు సముద్రమే చూడని ఆడపిల్లలు కట్టారంటున్నావు, మరి వీళ్లకు ఇది ఎవరు నేర్పారు, ఎన్ని రోజుల్లో నేర్పారు?” అని అడిగారు. నా దగ్గర సరైన సమాధానం లేదు.

ఇదే రిచ్మండ్‌లో 1942 నవంబరులో ‘రాబర్ట్ ఇ. పియరీ’ అనే లిబర్టీ ఓడను (ఒకే నమూనాలో వందల కొద్దీ కట్టిన యుద్ధకాలపు సరుకుల ఓడలకు ఆ పేరు) కీల్, అంటే ఓడ అడుగున వెన్నెముకలా ఉండే దూలం, వేసినప్పటి నుంచి నీటిలోకి దించే వరకు 4 రోజుల 15 గంటల 29 నిమిషాలలో పూర్తిచేశారు. 441 అడుగుల పొడవున్న ఓడ అది. పని తెలిసినవారు, చరిత్ర చదివినవారు మన వేదికలో చాలామంది ఉన్నారు కనుక అడుగుతున్నాను. ఇది ఎలా సాధ్యమైంది?

పాత పత్రికలు

కొల్లేటి గాలి గారూ, మొదటే ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. ఆ నాలుగు రోజుల లెక్కను ఆ యార్డు దైనందిన వేగంగా తీసుకోకూడదు. అంతకు ముందు సెప్టెంబరులో ఒరెగాన్‌లోని కైజర్ యార్డు ఒక ఓడను 10 రోజుల్లో దించింది. రిచ్మండ్ వారు దానికి పోటీగా ముందే సామగ్రి అంతా సిద్ధంచేసుకుని, పెద్ద పెద్ద భాగాలను ముందే అతికించి పెట్టుకుని, మనుషులందరినీ ఒకే ఓడ మీద మోహరించి ఈ పని చేశారు. అది ప్రజలకు ఉత్సాహం కలిగించడానికి చేసిన ప్రదర్శన, దానిని మళ్లీ ఎవరూ చేయలేదు.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద విషయం సగటు లెక్కలో ఉంది. మొదటి లిబర్టీ ఓడ ‘పాట్రిక్ హెన్రీ’ 1941 సెప్టెంబరు 27న బాల్టిమోరులో నీటిలోకి దిగింది. ఆ తొలినాళ్లలో ఒక్కో ఓడకు ఏడెనిమిది నెలలు పట్టేది. తరువాత దేశమంతటా ఉన్న 18 యార్డులలో ఆ సగటు ఆరు వారాలకు తగ్గింది. 1945 నాటికి మొత్తం 2,710 లిబర్టీ ఓడలు తయారయ్యాయి. ఒక్క ఓడను అయిదు రోజుల్లో కట్టడం పట్టుదల ఉంటే జరిగే పని. వేల ఓడలను ఆరేసి వారాల్లో కట్టాలంటే పని చేసే పద్ధతే మారి ఉండాలి. ఆ మార్పు ఏమిటో చేతిపని తెలిసినవారు చెబితే బాగుంటుంది.

విశాఖ రేవు

కొల్లేటి గాలి గారి నాన్నగారు అడిగిన ప్రశ్న చూసి, ఎన్నడూ లేనిది ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నేను ముప్పై నాలుగేళ్లు ఓడల యార్డులో వెల్డరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషిని.

ముందుగా రివెట్ల సంగతి. పాతకాలంలో ఓడ ప్లేట్లను రివెట్లతో కలిపేవారు. ఒక్క రివెట్టు కొట్టడానికి ఒక జట్టు కావాలి. ఒకడు కొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి పటకారుతో విసురుతాడు. రెండోవాడు దానిని డబ్బాలో పట్టి కన్నంలో దూరుస్తాడు. మూడోవాడు లోపలివైపు నుంచి బరువైన దిమ్మతో దానిని అదిమిపెడతాడు. నాలుగోవాడు బయటినుంచి కొడతాడు. ఈ నలుగురి చేతులూ ఒక లయలో పడడానికి ఏళ్లు పట్టేది. ప్లేట్ల అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కాలి కనుక ఇనుము కూడా ఎక్కువ ఖర్చయ్యేది. వెల్డింగుకు ఒక మనిషి, ఒక కడ్డీ, ఒక కేబులు చాలు.

అయితే వెల్డింగులో కూడా అన్నీ ఒకటి కాదు. ప్లేటు నేలమీద పరిచి ఉండి, నేను పైనుంచి కిందికి చూస్తూ వేసే అతుకును మేము డౌన్‌హ్యాండ్ అంటాం. కరిగిన లోహం తన బరువుతో తానే గాడిలో కూర్చుంటుంది. తెలివైన పిల్లవాడికి కొద్ది వారాల్లో నేర్పవచ్చు. అదే అతుకు తలకు పైన ఉంటే ఓవర్‌హెడ్ అంటాం. కరిగిన లోహం కిందికి జారాలని చూస్తుంది, నిప్పురవ్వలు మెడలోకి, చొక్కా చేతుల్లోకి పడతాయి, తల వెనక్కి వంచి గంటసేపు ఉండే సరికి మెడ మన మాట వినదు. దానిని నమ్మకంగా వేయడానికి నాకు మూడేళ్లు పట్టింది. నా ఎడమ ముంజేతి మీద ఆ మూడేళ్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు రిచ్మండ్ వారు చేసిన పని చూడండి. ఓడను స్లిప్‌వే మీద, అంటే ఓడను కట్టి నీటిలోకి జార్చే వాలు వేదిక మీద, కీల్ నుంచి ఒక్కొక్క ప్లేటుగా పేర్చుకుంటూ పోలేదు. అడుగుభాగం ముక్కలను, సిబ్బంది గదులుండే పై కట్టడాన్ని వేరే షెడ్లలో ముందే తయారుచేశారు. వాటిని తలకిందులుగా పెట్టి తయారుచేశారు. ఓడలో పైకప్పు అయ్యే ప్లేటు షెడ్డులో నేలమీద ఉంటుంది. కనుక ఓవర్‌హెడ్ కావలసిన అతుకు డౌన్‌హ్యాండ్ అవుతుంది. పని పూర్తయ్యాక క్రేను ఆ ముక్కను ఎత్తి, తిప్పి, తీసుకువెళ్లి ఓడమీద దించుతుంది. కష్టమైన అతుకులు మిగలలేదని కాదు, అవి తగ్గిపోయాయి, వాటిని చేయి తిరిగిన పాతవారికి వదిలిపెట్టారు. కొత్తగా వచ్చినవారు మొదట ముక్కలు కదలకుండా అక్కడక్కడ చుక్కలు వేసే టాక్ వెల్డింగు నేర్చుకునేవారు, తరువాత నేలమీది అతుకులు, ఆ తరువాత పరీక్ష పెట్టి పైమెట్టుకు పంపేవారు.

బాబూ, మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి. వాళ్లకు మొత్తం ఓడపని ఎవరూ నేర్పలేదు. మనిషి ఏ భంగిమలో సులువుగా చేయగలడో ముందు చూసి, ఇనుమును ఆ భంగిమకు తిప్పిపెట్టారు. అది ఆలోచించినవాడెవడో గాని వెల్డరు మెడనొప్పి తెలిసినవాడే అయి ఉంటాడని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

లోహం మాట్లాడుతుంది

విశాఖ రేవు గారి వివరణకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నేను లోహశాస్త్రం బోధిస్తాను. ఈ ఓడల కథలో రెండవ సగాన్ని ప్రతి ఏటా మా విద్యార్థులకు చెబుతాను కనుక ఇక్కడ కూడా చెప్పాలి.

1943 జనవరి 16న పోర్ట్‌ల్యాండ్‌లో ‘స్కెనెక్టడీ’ అనే కొత్త చమురు ఓడ పరీక్షా ప్రయాణం ముగించుకుని వచ్చి రేవులో నిలిచి ఉంది. గాలి లేదు, అలలు లేవు, చలి మాత్రం ఉంది. ఆ రాత్రి ఒక్క పెద్ద శబ్దంతో దాని డెక్కు అడ్డంగా, రెండు పక్కలు నిలువునా చీలిపోయాయి. అడుగు ప్లేటు ఒక్కటే మిగిలి, ఓడ మధ్యలో విరిచిన చెరకు గడలా పైకి లేచింది. అదే సంవత్సరం నవంబరులో ‘జాన్ పి. గెయిన్స్’ అనే లిబర్టీ ఓడ ఉత్తర పసిఫిక్‌లో రెండుగా విరిగి పదిమంది చనిపోయారు. యుద్ధకాలపు ఓడల్లో ఇటువంటి పెద్ద పగుళ్లు సుమారు 1,500 దాకా నమోదయ్యాయి.

మొదట అందరి వేళ్లూ వెల్డర్ల వైపు, అందులోనూ కొత్తగా వచ్చిన ఆడవాళ్ల వైపు చూపించాయి. కొన్నిచోట్ల నాసిరకం అతుకులు ఉన్న మాట నిజమే. అయితే అసలు కారణం వేరు. కేంబ్రిడ్జిలో పనిచేసిన కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త, ఆ కాలపు ఉక్కు ఒక ఉష్ణోగ్రతకు దిగువన సాగే గుణం కోల్పోయి గాజులా పెళుసుబారుతుందని నిరూపించారు. దానికి మరో రెండు తోడయ్యాయి. సరుకు దించే ద్వారాల మూలలు గుండ్రంగా కాక చదరంగా ఉండడంతో బలమంతా ఆ మూలలో కేంద్రీకృతమయ్యేది. రివెట్ల ఓడలో పగులు ఒక ప్లేటు అంచుకు రాగానే ఆగిపోతుంది. వెల్డింగు ఓడ మొత్తం ఒకే ఇనుప ముక్క కనుక పగులుకు అడ్డు ఉండదు. తరువాత మూలలను గుండ్రం చేశారు, డెక్కు పొడవునా రివెట్లతో బిగించిన పట్టీలు వేసి పగులు అక్కడ ఆగేటట్టు చేశారు.

కార్మికుల చేతిపని మీద వేసిన నిందను ఒక మహిళా శాస్త్రవేత్త ప్రయోగశాల చాలావరకు తొలగించిందన్న సంగతి ప్రతిసారీ నన్ను కదిలిస్తుంది. ‘రాబర్ట్ ఇ. పియరీ’ ఓడ, అంత హడావిడిగా కట్టినది, యుద్ధమంతా తిరిగి 1963లో తుక్కు అయ్యే వరకు నిలిచింది.

ఆదిబట్ల నుంచి

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి. హైదరాబాదు శివారులో విమాన భాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో అసెంబ్లీ విభాగంలో పనిచేస్తున్నాను. ఓడల గురించి విశాఖ రేవు బాబాయి గారు చెప్పారు కనుక విమానాల గురించి నాకు తెలిసింది చెబుతాను.

విమానపు చర్మం పలుచని అల్యూమినియం రేకు. అందువల్ల అక్కడ రివెట్లే రాజ్యం చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. ఫోర్డ్ కంపెనీ మిషిగన్ రాష్ట్రంలో విల్లో రన్ అనే చోట కట్టిన కర్మాగారంలో తయారైన బి-24 బాంబరు ఒక్కదానికి మూడు లక్షలకు పైగా రివెట్లు పట్టేవి. ఒక్కో రివెట్టుకు ఇద్దరు మనుషులు కావాలి. బయట ఒకరు గాలితో నడిచే రివెట్ గన్ పట్టుకుంటారు. లోపల ఇంకొకరు బకింగ్ బార్ అనే ఉక్కు దిమ్మను రివెట్టు తోకకు ఆనించి పట్టుకుంటారు. ఇద్దరి మధ్య రేకు ఉంటుంది, ఒకరికి ఒకరు కనబడరు. శబ్దంలో మాట వినబడదు. అందుకని రేకు మీద తట్టి చెప్పుకుంటారు. మూడుసార్లు తడితే ఆ రివెట్టు చెడింది, డ్రిల్లు చేసి తీసేయమని అర్థం. ఎనభై ఏళ్ల తరువాత నేనూ, నా జంటగా పనిచేసే అమ్మాయీ అదే భాషలో మాట్లాడుకుంటున్నాం.

ఇంకొక సంగతి. కొన్ని మిశ్రమలోహాల రివెట్లను కొలిమిలో వేడిచేసి, చల్లార్చి, వెంటనే మంచుపెట్టెలో పెట్టాలి. బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే అవి గట్టిపడిపోతాయి. గట్టిపడితే కొట్టినప్పుడు పగులుతాయి. కనుక పెట్టె నుంచి గుప్పెడు రివెట్లు తీసిన మనిషికి గడియారంతో పందెం. ఆ గుప్పెడు అయిపోయేదాకా నీళ్లకు కూడా వెళ్లలేరు. మొదట్లో మా అమ్మకు ఈ పని గురించి చెప్పినప్పుడు, జంతికల పిండి గట్టిపడకముందే గొట్టంలోంచి తిప్పేయడం లాంటిదే కదా అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

విల్లో రన్ అనగానే గంటకొక బాంబరు అన్న మాటే అందరూ చెబుతారు. 1944లో ఆ వేగం వచ్చిన మాట వాస్తవమే. మొత్తం 8,685 బి-24 విమానాలు అక్కడ తయారయ్యాయి, కొన్నింటిని విడిభాగాలుగా వేరేచోట్లకు పంపి బిగించారు. కాని మొదటి ఏడాదిన్నర అది నవ్వులపాలైన కర్మాగారం. విల్లో రన్ పేరును కొద్దిగా తిప్పి “ఇది అసలు నడుస్తుందా” అనే అర్థం వచ్చేటట్టు జనం పిలిచేవారు. ఫోర్డు వారు కార్ల పద్ధతిలో ఉక్కు అచ్చులు పోసి పెట్టుకున్నారు. యుద్ధరంగం నుంచి రోజూ డిజైను మార్పులు వచ్చేవి. అచ్చు ఒకసారి పోశాక మార్చడం ఎంత కష్టమో లోహం పని చేసేవారికి తెలుసు. దానికి తోడు కర్మాగారం చుట్టూ ఇళ్లు లేవు. డెట్రాయిట్ నుంచి యాభై కిలోమీటర్లు ప్రయాణం చేసి రావాలి. మలయా రబ్బరు తోటలు జపాను చేతిలో పడడంతో టైర్లకు రేషను, పెట్రోలుకు రేషను. అందువల్ల చేరినవారు చేరినట్టే మానేసేవారు. నేను రోజూ రెండు బస్సులు మారి పనికి వెళతాను కనుక ఈ సంగతి చదివినప్పుడు ఆ మనుషులు నాకు బాగా అర్థమయ్యారు. యంత్రాలు ఎన్ని ఉన్నా, తెల్లవారుజామున మనిషి షిఫ్టుకు చేరుకోగలిగితేనే విమానం తయారవుతుంది.

కొల్లేటి గాలి

ఆదిబట్ల చెల్లెమ్మా, రేకుకు అటూ ఇటూ ఉండి తట్టుకునే ఆ భాష గురించి నాన్నగారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

ఇళ్ల సమస్య రిచ్మండ్‌లో మరీ దారుణంగా ఉండేదట. 1940లో 23 వేల జనాభా ఉన్న ఊరు మూడేళ్లలో లక్షకు చేరువైంది. ఒకే మంచాన్ని మూడు షిఫ్టులవారు వంతులవారీగా అద్దెకు తీసుకునేవారు. ఒకరు లేచి పనికి వెళితే ఆ వెచ్చని పక్క మీదే రాత్రి షిఫ్టు దిగివచ్చినవారు పడుకునేవారు. ట్రైలర్లలో, గుడారాల్లో, రాత్రంతా ఆడే సినిమా హాళ్ల కుర్చీల్లో కూడా నిద్రపోయేవారట.

మరి పిల్లల సంగతి ఏమిటి? ఆ యార్డుల్లో ఒక దశలో తొంభై వేలమందికి పైగా పనిచేశారు, వారిలో నాలుగో వంతు దాకా ఆడవాళ్లు. వాళ్ల పిల్లలను ఎవరు చూసుకున్నారు?

బాలానందం

ఈ ప్రశ్నకు నేను చెబుతాను. నేను అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. పోర్ట్‌ల్యాండ్‌లోని రెండు కైజర్ యార్డుల ద్వారాల దగ్గర 1943లో తెరిచిన శిశుకేంద్రాల గురించి ఎక్కడ అవకాశం వచ్చినా చెబుతాను. అవి మూడు షిఫ్టులకూ తెరిచి ఉండేవి. రాత్రి షిఫ్టు తల్లి పిల్లను నిద్రలోనే తెచ్చి అప్పగించి, పొద్దున్న తీసుకువెళ్లేది. నర్సులు ఉండేవారు. అన్నిటికన్నా నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఎనిమిది గంటలు వెల్డింగు చేసి వచ్చిన తల్లి, ముందుగా చెప్పి ఉంచితే, ఇంటిల్లిపాదికీ వండిన రాత్రి భోజనం అక్కడి వంటగది నుంచే డబ్బు చెల్లించి పట్టుకెళ్లవచ్చు. బిడ్డను ఒక చేత్తో, భోజనం ఇంకో చేత్తో తీసుకుని ఇంటికి వెళ్లేది. ఆ ఏర్పాటు చేసిన వారు, తల్లి అలసట పొయ్యి దగ్గరే మొదలవుతుందని తెలిసినవారు.

యుద్ధం ముగియగానే ఆ కేంద్రాలు మూతపడ్డాయి. దేశమంతటా యుద్ధకాల చట్టం కింద ప్రభుత్వ నిధులతో నడిచిన శిశుకేంద్రాలకు కూడా 1946లో ఆ నిధులు ఆగిపోయాయి. యుద్ధం చివరి రోజుల్లో అమెరికా ప్రభుత్వ మహిళా కార్మిక విభాగం జరిపిన సర్వేలో పనిచేస్తున్న ఆడవాళ్లలో నాలుగింట మూడు వంతులమంది తరువాత కూడా పనిలో కొనసాగాలని కోరుకున్నారు. అయినా మొదట పంపించింది వాళ్లనే. యార్డులో గంటకు 1 డాలరు 20 సెంట్లు సంపాదించిన వెల్డరు మళ్లీ బట్టల ఉతుకుకో, హోటలు పనికో సగం జీతానికి వెళ్లవలసి వచ్చింది. ఎనిమిది దశాబ్దాల తరువాత మన జిల్లాల్లో కూడా రాత్రి షిఫ్టులో పనిచేసే తల్లికి బిడ్డను అప్పగించే చోటు ఎక్కడుందో వెతుక్కోవలసిన స్థితే ఉంది. నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాచుకోను.

నల్లమల దారి

ఈ చర్చలో ఇంతవరకు రాని మాట ఒకటి ఉంది. ఆ కర్మాగారాల తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. నల్లజాతి కార్మికుల నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, రక్షణ పరిశ్రమల్లో వివక్షకు వ్యతిరేకంగా వాషింగ్టన్ మీదికి భారీ ప్రదర్శనగా వస్తామని ప్రకటించిన తరువాతనే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1941 జూన్ 25న వివక్షను నిషేధిస్తూ 8802 సంఖ్య గల ఉత్తర్వు ఇచ్చాడు. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన షాపులో పక్కన నిలబడేవాడి మనసు మారదు. 1943 జూన్‌లో డెట్రాయిట్‌లోని ప్యాకార్డ్ విమాన ఇంజన్ల కర్మాగారంలో ముగ్గురు నల్లజాతి కార్మికులకు పదోన్నతి ఇచ్చారని పాతికవేలమంది తెల్లవారు పని మానేసి బయటికి వచ్చారు. ఆ నెలలోనే ఆ నగరంలో జరిగిన అల్లర్లలో 34 మంది చనిపోయారు.

ఓడల యార్డుల్లో బాయిలర్‌మేకర్ల కార్మిక సంఘంలో సభ్యత్వం ఉంటేనే పని దొరికేది. ఆ సంఘం నల్లజాతివారిని ప్రధాన శాఖలో చేర్చుకోకుండా అనుబంధ శాఖలు పెట్టి, చందా మాత్రం తీసుకుని ఓటు హక్కు ఇవ్వలేదు. సాసలీటో పట్టణంలోని మారిన్‌షిప్ యార్డులో వెల్డరుగా పనిచేసిన జోసెఫ్ జేమ్స్ అనే గాయకుడు ఈ చందా కట్టబోమని తోటివారిని కూడగట్టాడు. పని పోయింది, కోర్టుకు వెళ్లాడు. 1944లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు, సభ్యత్వం లేనిదే పని లేదనే సంఘం ఒక జాతిని సభ్యత్వానికి దూరంగా ఉంచడం చెల్లదని తీర్పు ఇచ్చింది. అలా గెలిచిన హక్కును అనుభవించడానికి వాళ్లకు ఎక్కువకాలం మిగలలేదు, మరుసటి ఏడాదే యుద్ధం ముగిసి పనులు తగ్గిపోయాయి.

కొల్లేటి గాలి గారు వెళ్లిన రిచ్మండ్‌లోనే, ఇప్పుడు జాతీయ ఉద్యానవనంగా ఉన్న ఆ ప్రాంగణంలో, బెట్టీ రీడ్ సాస్కిన్ అనే ఆమె నూరేళ్లు నిండి 2022లో విరమించేవరకు రేంజరుగా పనిచేశారు. యుద్ధకాలంలో ఆమె అటువంటి అనుబంధ శాఖ కార్యాలయంలో గుమాస్తా. వచ్చినవారి పేర్లు, చిరునామాలు కార్డుల మీద రాసేవారు. కట్టిన ఓడ ఆమెకు ఒక్కటి కూడా కనబడలేదు. ఆడవాళ్ల విజయగాథగా మాత్రమే ఈ కథను చెప్పేవారికి తన కార్డుల కథ కూడా చెప్పడమే ఆమె పనిగా పెట్టుకున్నారు.

దవాఖాన

కొల్లేటి గాలి గారూ, మీ జేబులో కైజర్ ఆసుపత్రి కార్డు ఉందా? ఉంటే అది కూడా ఆ ఓడల నుంచి వచ్చినదే. రిచ్మండ్ యార్డు కార్మికులకు డాక్టర్ సిడ్నీ గార్‌ఫీల్డ్ 1942లో ఒక పథకం నడిపించారు. వారానికి 50 సెంట్లు ముందుగా కడితే జబ్బు చేసినా, దెబ్బ తగిలినా వైద్యం అందుతుంది. యార్డులోనే ప్రథమ చికిత్స గదులు, కొద్ది దూరంలో ఆసుపత్రి. యార్డులు మూతపడుతున్న సమయంలో 1945లో దానిని సామాన్య ప్రజలకు తెరిచారు.

ఊపిరితిత్తుల వైద్యుడిగా ఇంకొక మాట చెప్పాలి. ఓడ ఇంజను గదుల్లో ఆవిరి గొట్టాలకు ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. దాని పొడి గాలిలో తేలుతూ పక్కన వెల్డింగు చేసేవారి మీద, ఊడ్చేవారి మీద పడేది. 1943లోనే అక్కడి నౌకాదళం, మారిటైమ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ కలిసి యార్డుల ఆరోగ్య నియమాలు ప్రకటించాయి, వాటిలో ఈ పొడి గురించి కూడా ఉంది. అమలు అంతంతమాత్రమే. ఈ పొడి వల్ల వచ్చే మెసొథీలియోమా అనే క్యాన్సరు ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ల తరువాత బయటపడుతుంది. అప్పటికి ఆ మనిషి ఏ ఊళ్లోనో మనవలను ఆడించుకుంటూ ఉంటాడు. అతను తెచ్చుకున్న పని బట్టలు ఉతికిన భార్యకు కూడా వచ్చిన సందర్భాలున్నాయి. వాళ్ల పేర్లు ఏ యుద్ధస్మారకం మీదా ఉండవు.

సింహాచలం మెట్లు

విశాఖ సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను ఎత్తుతాను. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా కంపెనీ మన విశాఖపట్నంలో ఓడల యార్డుకు శంకుస్థాపన చేయించింది 1941 జూన్ 21న, బాబూ రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా. ‘పాట్రిక్ హెన్రీ’ జలప్రవేశానికి సుమారు మూడు నెలల ముందు అన్నమాట. అక్కడివారు నాలుగేళ్లలో 2,710 లిబర్టీ ఓడలు కట్టారు. మన యార్డు యుద్ధం ముగిసేలోగా ఒక్క సముద్రపు ఓడ కూడా దించలేదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ అప్పుడు పదేళ్ల పిల్ల. ఊరంతా బళ్లు కట్టుకుని పల్లెలకు పోయిందని, తాము చోడవరం దాకా నడిచి వెళ్లామని, దారిలో ఎవరో బెల్లం ముక్క చేతిలో పెట్టారని చెప్పేది. యార్డు పని ఆగిపోయింది, సామగ్రిని బొంబాయి వైపు తరలించారు. అయితే బాంబులొక్కటే కారణమని నేను ఒప్పుకోను. బాంబులు ఇంగ్లండులో ఇంకా ఎక్కువ పడ్డాయి, అక్కడి యార్డులు ఆగలేదు. భారతీయుల చేతిలో పెద్ద ఓడల పరిశ్రమ లేవడం పాలకులకు అవసరంగా కనబడలేదు. యంత్రాలకూ ఉక్కుకూ ప్రాధాన్యం దక్కలేదు. చివరికి మన మొదటి ఓడ ‘జల ఉష’ 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగింది.

అదే వాల్‌చంద్, మైసూరు సంస్థానంతో కలిసి 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలుపెట్టారు. 1941లో హార్లో శిక్షణ విమానం, 1942లో కర్టిస్ హాక్ యుద్ధవిమానం అక్కడ బిగించి ఎగరేశారు. ఆ 1942లోనే ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకుంది. అమెరికా సైన్యం పర్యవేక్షణలో అది మరమ్మతుల కర్మాగారంగా మారి డకోటా రవాణా విమానాలు, నీటిమీద దిగే కాటలీనాలు, బాంబర్లు బాగుచేసి పంపింది. కొత్త విమానాల తయారీ ఆగిపోయింది గాని చేతులు నేర్చుకున్నాయి. యుద్ధానంతరం అక్కడ జరిగిన పనికి ఆ చేతులే పెట్టుబడి. విశాఖకు ఆ అవకాశం కూడా దక్కలేదన్నదే నా బాధ.

విశాఖ రేవు

సింహాచలం మెట్లు గారు చెప్పినదానిలో ఒక్క అక్షరం కాదనను. నేను చేరిన నాటికి మాకు పని నేర్పిన పెద్ద మేస్త్రి ఆ తొలి ఓడల మీద పనిచేసిన తరం మనిషి. ఖలాసీలు క్రేను అందని చోట తాళ్లతో, కప్పీలతో, “ఐలేసా” అంటూ టన్నుల బరువు ప్లేటును అంగుళం తేడా రాకుండా కూర్చోబెట్టేవారని ఆయన చెప్పేవాడు, ఆ విద్య నేనూ కళ్లారా చూశాను. మన దగ్గర మనిషి లేక ఆగలేదు.

ఇక ఆ బొడిపెల సంగతి. కొల్లేటి గాలి గారూ, మీ మొదటి ఉత్తరంలో జానెడుకొకసారి నాన్నగారి వేలికి ఏదో తగిలిందని రాశారు. అదేమిటో నేను చెబుతాను. చేతితో వెల్డింగు చేసేటప్పుడు ఒక కడ్డీ జానెడు, జానెడున్నర అతుకు వేసేసరికి అయిపోతుంది. అప్పుడు ఆపి, హెల్మెట్ ఎత్తి, మిగిలిన తోక పారేసి, కొత్త కడ్డీ పెట్టి, ఆగినచోట స్లాగ్ (అతుకు మీద గట్టిపడే చిట్టెం) కొట్టి శుభ్రంచేసి, మళ్లీ నిప్పు రాజేయాలి. ఆ ఆపి మొదలుపెట్టిన చోట చిన్న గుంటో, బొడిపో మిగులుతుంది. ఎంత చేయి తిరిగినవాడికైనా కొద్దిగా ఉంటుంది. నేలమీద పొడవైన అతుకులను ఆ యార్డుల్లో యంత్రంతో కూడా వేశారు, వాటిలో ఇది కనబడదు. కనుక ఆ గోడ ఒక మనిషి చేత్తో వేసినదే.

బొడిపెల మధ్య దూరం అంతా ఒకేలా ఉందా, లేక కొన్నిచోట్ల దగ్గర దగ్గరగా ఉన్నాయా అని నాన్నగారిని అడగండి. దగ్గర దగ్గరగా ఉంటే ఆ మనిషి కడ్డీ పూర్తికాకముందే ఆపవలసి వచ్చిందన్నమాట.

కొల్లేటి గాలి

బాబాయి గారూ, మీ ఉత్తరం చదివి వినిపించగానే నాన్నగారు చెప్పులు వేసుకున్నారు. శనివారం మళ్లీ వెళ్లాం. ఈసారి ఆయన ఒక దారం తీసుకువచ్చి, అదే గోడ దగ్గర అతుకు పొడవునా పట్టి, బొడిపె తగిలిన చోటల్లా ముడి వేసుకుంటూ వచ్చారు. పైనుంచి నడుము ఎత్తు వరకు ముడులు ఇంచుమించు సమాన దూరంలో ఉన్నాయి. అక్కడి నుంచి కిందికి, మనిషి వంగి మోకాళ్ల మీద కూర్చుని వేయవలసిన భాగంలో, అవి దగ్గర పడ్డాయి. నేలకు జానెడు పైన రెండు బొడిపెలు దాదాపు ఆనుకునే ఉన్నాయి. ఆ తరువాత అతుకు మళ్లీ తిన్నగా చివరిదాకా వెళ్లింది.

దారాన్ని చుట్టి ఆయన చొక్కా జేబులో పెట్టుకున్నారు. వచ్చే నెల ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు విశాఖలో దిగి మీకు చూపిస్తారట. మీ చిరునామా వ్యక్తిగత సందేశంలో పంపగలరు.